ఈ బిడ్డ ఏ ఊరి లెక్క?

(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసమంటే వేదిక మీద దండ వేసిన ఫోటో ఒకటి ఉండాలి. ఇవాళ లేదు. ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం వారు పద్ధతి మార్చారు. ఈ సీమలో పురుళ్లు పోసి, బొడ్డు కోసి, టీకాలు వేసి, ఒక శాలువా అయినా కప్పించుకోకుండా వెళ్లిపోయిన మంత్రసానులు, నర్సమ్మలు అందరికీ ఇది చెందాలి, ఏ ఒక్కరి పేరూ వద్దు అన్నారు. ఆ మాట విన్నాకే నేను ఒప్పుకున్నాను. ప్రభుత్వ వైద్యుడిగా పని చేసినవాణ్ణి. మా పేరు మీద రాసుకున్న పనిలో ముప్పాతిక భాగం వాళ్లది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆసుపత్రిలో మంచం ఉందా, డాక్టరు ఉన్నాడా, మందు ఉందా అని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. అడగాల్సిందే, ఇకముందూ అడుగుదాం. అయితే ఇవాళ కోనసీమలో తల్లికీ బిడ్డకీ అసలు గండం ఆసుపత్రి గదిలో కన్నా బయటే ఎక్కువ. అత్తింటి నుంచి పుట్టింటికి, లంక నుంచి గట్టుకి, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి, కన్నతల్లి ఒడిలోంచి అమ్మమ్మ ఒడిలోకి, ఇలా చేతులు మారే చోట ఉంది. అక్కడ ఎవరిది బాధ్యత అంటే జవాబు చెప్పేవారుండరు. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ బిడ్డ ఏ ఊరి లెక్క?

అంతకు ముందు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో ఒక్కసారి చూడాలి. లేకపోతే నేనేదో ఏమీ జరగలేదని ఏడుస్తున్నట్టు ఉంటుంది.

1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. గర్భం వల్ల, కాన్పు వల్ల దేశంలో ఏటా దాదాపు 2 లక్షల మంది ఆడవాళ్లు చనిపోతున్నారని అంచనా వేసింది. ప్రతి వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు. ఇప్పుడు మనం లెక్కకట్టే పద్ధతిలో చెబితే లక్షకు 2,000. నమూనా రిజిస్ట్రేషన్ వ్యవస్థ 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. రెండు వేల నుంచి నలభై అయిదుకి రావడం చిన్న సంగతి కాదు. ఇదే గోదావరి గట్ల మీద మన ముత్తవ్వల కాలంలో పురుడు అంటే పునర్జన్మ అనేవారు. ఊరికే అనలేదు.

ఆ దారిలో మన వైపు వాళ్ల పాత్ర కూడా ఉంది. మనం ఉమ్మడి మద్రాసులో ఉన్నప్పుడు 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం మాతా శిశు సంక్షేమాన్ని స్థానిక సంస్థల పనుల్లో చేర్చింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం, దాని వెంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం. 2005లో జననీ సురక్ష, ఆశా కార్యకర్తలు, అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు. పుట్టిన బిడ్డకు ధనుర్వాతం రావడం అనేది దేశమంతటా అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. మన రాష్ట్రం ఆ గీత 2003లోనే దాటింది. కొడవలితో బొడ్డు కోసి పేడ అద్దిన రోజులు చూసినవాళ్లు ఈ సభలో ఇంకా ఒకరిద్దరు ఉండే ఉంటారు.

ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రిలోనే. ఇంట్లో పురుడు అనేది దాదాపు పోయింది. మరి మిగిలిందేమిటి?

ముందు పుట్టిల్లు సంగతి చూద్దాం.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఇది మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిదండ్రులు సారెతో వచ్చి పిల్లను తీసుకెళతారు. ఆచారంలో తప్పేమీ లేదు, నిజానికి మంచే ఉంది. చూలింతకు విశ్రాంతి, బాలింతకు తల్లి చేతి పథ్యం. కానీ మన ఆరోగ్య వ్యవస్థ మొత్తం ఊరి మీద కట్టారు. ఏఎన్‌ఎంకి ఇన్ని ఊళ్లు, ఆశాకి ఇన్ని గడపలు, అంగన్‌వాడీకి ఇన్ని పేర్లు. గర్భిణి మాత్రం సరిగ్గా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సిన నెలలోనే ఊరు మారుతుంది.

రాజోలు వైపు కోడలు, కొత్తపేట వైపు ఆడపడుచు అనుకోండి. మూడో నెలలో అత్తింటి ఊళ్లో పేరు రాశారు. తల్లీ బిడ్డ రక్షణ కార్డు ఇచ్చారు. ఆర్‌సీహెచ్ నంబరు వచ్చింది. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8. ఐరన్ మాత్రలు ఇచ్చారు. మింగితే బిడ్డ నల్లగా పుడతాడని ఒకరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఇంకొకరు అంటారు, ఆ మాత్రలు డబ్బాలో ఉండిపోయాయి. ఈ సంగతి అక్కడి ఆశాకి తెలుసు. ఎనిమిదో నెలలో బీపీ కాస్త పెరిగింది, అదీ ఆవిడకి తెలుసు. తర్వాత పిల్ల పుట్టింటికి వెళ్లింది. ఆశా వెళ్లి తలుపు కొడితే అత్తగారు, "ఆయ్, పురిటికి వెళ్లిందండి" అంటారు. రిజిస్టరులో "పుట్టింటికి వెళ్లినది" అని రాసి గీత గీస్తారు. ఇక్కడ పని అయిపోయింది.

అక్కడ మొదలైందా? కొత్తపేట వైపు ఆశాకి ఆ పిల్ల తన జాబితాలో లేదు. పక్కింటివాళ్లు చెబితే తెలుస్తుంది. కార్డు అత్తింట్లో బీరువాలో ఉండిపోయి ఉంటే ఇక హిమోగ్లోబిన్ ఎంతో, బీపీ ఎప్పటి నుంచి ఉందో చెప్పేవాళ్లు లేరు. నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరమ్మ చేతిలో ఒక కొత్త మనిషి, కాగితం లేని మనిషి. కాన్పు సమయంలో గుర్రపువాతం వచ్చిన మనిషికి రెండు నెలల బీపీ చరిత్ర ఉంటే ఎంత మేలో ఆ పని చేసినవాళ్లను అడగండి.

2016లో ఏఎన్‌ఎంల చేతికి టాబ్ ఇచ్చి అన్మోల్ యాప్ పెట్టిన మొదటి రాష్ట్రం మనదే. నంబరు కొడితే దేశంలో ఎక్కడున్నా వివరాలు కనిపించాలి. కాగితం మీద సమస్య తీరిపోయింది. కానీ నంబరు కొట్టాలంటే ముందు ఆ పిల్ల వచ్చిందని తెలియాలి కదా. యంత్రం కబురు దాచిపెడుతుంది, కబురు మోయదు. పాతరోజుల్లో మంత్రసానికి రెండూళ్ల కబుర్లూ తెలిసేవి. సంతలోనో పెళ్లిలోనో అవతలి ఊరి మంత్రసానిని కలిసినప్పుడు, "మా పిల్ల మీ ఊరొస్తోంది, దాని తల్లికి రక్తం ఆగలేదు, కాస్త చూసుకో" అని చెప్పేది. ఆ కాలాన్ని నేను పొగడటం లేదు. ఆవిడ చేతిలో పోయిన ప్రాణాలూ తక్కువ కాదు. కానీ ఆ ఒక్క పని, అప్పగింత, ఆవిడ చేసేది. దాన్ని ఏ జీవోలోనూ ఎవరికీ అప్పజెప్పలేదు.

అప్పగింత ఒక పని అని, దానికి సమయం పడుతుందని, దానికీ డబ్బు ఇవ్వాలని ఒప్పుకోకపోతే అది జరగదు. ఆశాకి కాన్పుకి తోడుగా వెళ్లినందుకు, పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్లి చూసినందుకు లెక్కలున్నాయి. ఆ ఇంటి సందర్శనలు నిజంగా మంచి పని. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడాలి. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు చేసి చూపించి, 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చువేసిన పద్ధతి నుంచి వచ్చిందది. పల్లెటూరి ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి పసిగుడ్ల చావులు తగ్గించారు. మరి మూడో రోజు ఎవరు చూడాలి? బిడ్డ పుట్టింటి ఊళ్లో ఉంది, పేరు అత్తింటి ఊళ్లో ఉంది. ఇద్దరూ చూడాలి అంటే ఎవరూ చూడరు. మన ఇళ్లలో కూడా అంతే కదా.

ఇక నది.

బయటివాళ్లు కోనసీమను కొబ్బరి చెట్లు చూసి కేరళ అంటారు. మనమూ మురిసిపోతాం. నేను చెప్పిన 2018-20 లెక్కల్లోనే కేరళ సంఖ్య 19 అని మాత్రం ఎవరూ గుర్తు చేయరు. చెట్లు ఒకటే, నీళ్లు ఒకటే.

వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల మధ్య మనకి లంకలున్నాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక. వరద వస్తే తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది, నెలల తరబడి పడవే దిక్కు. కాట్రేనికోన మండలంలో మగసానితిప్పకి ఏ కాలంలోనైనా పడవే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. అంబులెన్సు కూడా పంటు ఎక్కాలి.

కాన్పు ప్రమాదాల్లో ఒక్కోదానికి ఒక్కో గడియారం ఉంది. కాన్పు అడ్డం తిరిగితే మూడు రోజులు, గుర్రపువాతానికి రెండు రోజులు, సూతికా జ్వరానికి ఆరు రోజుల వ్యవధి ఉంటుందని పరిశోధకురాలు డెబొరా మైన్ లెక్కగట్టింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే సగటున రెండు గంటలు. రెండే. 108కి ఫోన్ చేసి, అది గట్టు మీదికి వచ్చి, మనిషిని మంచం మీద మోసి, పడవ కట్టు విప్పి, అవతల ఎక్కించి, ఏరియా ఆసుపత్రికి చేరి, అక్కడ రక్తం లేదంటే కాకినాడ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) రాయాలి. ఈ రెండు గంటలు ఎక్కడికి చాలతాయో మీరే లెక్క కట్టుకోండి. అదే మైన్, సెరీన్ తాడియస్ కలిసి 1994లో మూడు ఆలస్యాలని రాశారు. వెళదామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స మొదలవడంలో ఆలస్యం. మన దగ్గర మొదటిది చాలావరకు పోయింది. ఆసుపత్రికి రమ్మని బతిమాలే రోజులు పోయాయి. మిగిలిన రెండూ రేవు దగ్గరా, రిఫరల్ దగ్గరా ఉన్నాయి.

ఇందులో మనవాళ్లు బాగా చేస్తున్న పని ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. తుఫాను వస్తోందంటే నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి, గాలి రాకముందే ఆసుపత్రికి చేర్చడం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫానులో అలాంటి ఆలోచనే లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి లంకల్లో పడవల మీద గర్భిణుల్ని దాటించారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, అప్పటికే గర్భిణుల్ని తరలించారు. మరి తుఫాను రోజున చేయగలిగింది, మామూలు మంగళవారం నాడు ఎందుకు చేయలేం? లంకలో ఉన్న మనిషికి రేవు రోజూ రేవే. పార్వతీపురం వైపు గిరిజన ప్రాంతంలో, సాలూరులో, గర్భిణుల వసతి గృహం పెట్టారు. నెలలు దగ్గరపడ్డ ఆడవాళ్లు కొండ దిగి వచ్చి అక్కడ ఉంటారు, భోజనం, పరీక్షలు, కాన్పుకి ఆసుపత్రి. కొండకి పనికొచ్చింది నీటికి పనికిరాదా? పి.గన్నవరంలోనో ముమ్మిడివరంలోనో అలాంటి ఇల్లు ఒకటి ఉంటే చాలు. వేళ కాని వేళ వచ్చినవాళ్లకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి ఊరు మనది. గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నాం, 2024లో బడి భోజనానికీ పెట్టుకున్నాం. నెలలు నిండిన పదిమంది లంక ఆడవాళ్లకి ఆవిడ పేరున ఒక పూట కూడు పెట్టడం మనకి బరువు కాదు.

నది ఒక్కటే కాదు, సరిహద్దులు కూడా నదుల్లాగే ఉన్నాయి మనకి. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి. ఐ.పోలవరం వైపు మనిషి దగ్గరని అక్కడికి వెళుతుంది. పంటు దాటితే పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయ్యాక పెద్దాసుపత్రి కాకినాడ జిల్లాలో ఉండిపోయింది. 1969 జనన మరణ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పుట్టుక జరిగిన చోటే నమోదు. న్యాయమే. కానీ దానివల్ల మన ఊళ్ల పిల్లలు కాకినాడ లెక్కలో, నరసాపురం లెక్కలో, యానాం లెక్కలో పుడతారు. ఒక తల్లి చనిపోయినా అంతే. మాతృ మరణాల సమీక్ష కోసం కూర్చున్నప్పుడు, "మా దగ్గరికి వచ్చేసరికే అయిపోయిందండి" అని వాళ్లు, "మా దగ్గర నుంచి బాగానే పంపామండి" అని వీళ్లు. నేనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ మధ్యలో దారి ఉంది, ఆ దారి తరఫున మాట్లాడేవారు ఎప్పుడూ లేరు. కేరళలో ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి చేస్తున్న గోప్య సమీక్షలో ఎవరి తప్పు అని అడగరు. ఎక్కడ ఆగింది అని అడుగుతారు. పందొమ్మిదికీ నలభై అయిదుకీ తేడాలో ఆ ప్రశ్నకీ కొంత వాటా ఉందని నా నమ్మకం.

కోత కాన్పుల మాట కూడా ఎత్తాలి, ఎత్తకపోతే మీరే ఎత్తుతారు. అదే సర్వేలో మన రాష్ట్రంలో 42.4 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం, ప్రభుత్వంలో 26.6. జనాభా మొత్తం మీద పది శాతం దాటాక ఆ కోతల వల్ల తల్లుల చావులు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లు కొందరు, అర్ధరాత్రి దాకా నొప్పులు చూసే ఓపిక లేని డాక్టర్లు కొందరు. కానీ నా అనుభవంలో మూడో కారణం పెద్దది: భయం. నొప్పులు మధ్యలో తేడా వస్తే రేవు దాటాలి, రక్తం దొరకాలి. అంతకన్నా పగటిపూట కోసేస్తే నయం అనుకుంటారు ఇద్దరూ. దారి నమ్మకంగా ఉంటే కత్తి కొంత తగ్గుతుంది.

చివరగా పిల్లలు, వాళ్ల అమ్మమ్మలు.

రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో మీకు నేను చెప్పక్కర్లేదు. పాలు మాన్పించి, బిడ్డను తమ తల్లికి అప్పజెప్పి విమానం ఎక్కుతారు. ఆ ఇంట్లో పెంకు పోయి శ్లాబు వస్తుంది, అప్పు తీరుతుంది. కానీ మన తల్లీ బిడ్డ సేవలన్నీ తల్లి ఎదురుగా ఉందన్న లెక్కతో నడుస్తాయి. సలహా తల్లికి, సంతకం తల్లిది, కబురు తల్లి ఫోనుకి. ఆ ఫోను కువైట్లో ఉంది.

బుధవారం టీకాల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. ఐస్ ప్యాకుల మధ్య సీసాలు పెట్టిన నీలం డబ్బా, సూది కోసే చిన్న యంత్రం, ఎరుపు సంచి, నలుపు సంచి, ప్లాస్టిక్ కుర్చీ. ఒక పెద్దావిడ తొమ్మిది నెలలు దాటిన మనవణ్ణి ఎత్తుకుని వస్తుంది. కార్డు లేదు, పుట్టిన ఊరు వేరే. తట్టు, రుబెల్లాకి వేసే ఎంఆర్ టీకా సీసాలో అయిదు మోతాదులు. నీళ్లు కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, లేకపోతే పారేయాలి. ఇవాళ ఈ ఊరి జాబితాలో ఆ వయసు పిల్లలు లేరు. ఒక్క పరాయి బిడ్డ కోసం సీసా విప్పాలా? నియమం ప్రకారం ఒక్కరున్నా విప్పాలి. కానీ పారేసిన నాలుగు మోతాదులకి పైన సంజాయిషీ అడుగుతారేమోనని ఏఎన్‌ఎం గుండె కొట్టుకుంటుంది. "వచ్చే బుధవారం మీ ఊళ్లో వేయించండి అవ్వా" అంటుంది. అవ్వ తలూపి వెళుతుంది. ఆ వచ్చే బుధవారం చాలామందికి రాదు.

ఆ ఏఎన్‌ఎంని నేను తిట్టలేను. ఆవిడ చేతిలో టాబ్‌లో ఎన్ని యాప్‌లో, ఎన్ని రిపోర్టులో ఆవిడకే తెలుసు. ఆశాలకి ఊరివాళ్ల పురుళ్లకి తోడుగా వెళ్లడం 2005 నుంచీ పని. వాళ్ల సొంత పురుళ్లకి 180 రోజుల వేతన సెలవు మన రాష్ట్రంలో ప్రకటించింది 2025లో. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. ఇంకో పని మోపుతున్నానని నన్ను తప్పు పట్టొద్దు. నేను అడిగేది పని పెంచడం కాదు, చేస్తున్న పనిలో కొంత తీసేసి దీనికి చోటివ్వమని. గుడ్లు, పాలు పంచిన ఫోటో మూడుసార్లు అప్‌లోడ్ చేసే బదులు ఒక ఫోన్ చేయనివ్వండి.

ఏం ఫోన్? ఏడో నెల దాటిన గర్భిణి ఊరు మారుతోందని తెలిసిన రోజున ఇక్కడి ఆశా అక్కడి ఆశాకి చేసే ఫోన్. రక్తం ఎంత, బీపీ ఎంత, ముందు కాన్పు ఎలా జరిగింది, రేవు ఉందా, ఎవరు తీసుకొస్తారు. అయిదు నిమిషాలు. అవతలి ఆశా "అందింది" అన్నాకే ఇక్కడి రిజిస్టరులో గీత గీయాలి. రెండువైపులా ఆ ఫోన్‌కి డబ్బు కట్టాలి. దానికి కలెక్టరు తలచుకుంటే జిల్లాలోనే దారి ఉంటుంది. యానాం, నరసాపురం, కాకినాడ వైపు ఫోన్ నంబర్లు మన పీహెచ్‌సీ గోడ మీద పెయింటుతో రాసి ఉండాలి, ఎవరి జేబులోనో కాదు.

దానికన్నా సులువైనది ఇంకొకటుంది. ఈ సభలో మండల వైద్యాధికారులు కొందరు కూర్చున్నారు కాబట్టి అడుగుతున్నాను. టీకా రిజిస్టరు చివర పొరుగూరి పిల్లలకి కొన్ని వరసలు వదిలి ఉంచుతారు. మనం తనిఖీకి వెళ్లినప్పుడు సొంత ఊరి శాతం ఎంత వచ్చిందో చూసి సంతకం పెడతాం, ఆ చివరి వరసల వైపు కన్నెత్తి చూడం. ఇకమీదట ముందు ఆ వరసలే చూడండి. అవి ఖాళీగా ఉన్న ఊళ్లో, పొరుగు పిల్లలు లేరని అనుకోకండి, వచ్చినవాళ్లను ఎవరు వెనక్కి పంపారో అడగండి. నిండుగా ఉంటే ఆ ఏఎన్‌ఎం పారేసిన మోతాదుల గురించి సంజాయిషీ అడగబోమని రాసి సంతకం పెట్టండి. దీనికి జీవో అక్కర్లేదు. వచ్చే బుధవారమే మొదలుపెట్టొచ్చు.